పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు షిఫ్ట్ కిట్ ఎంపిక

పరిచయం

ప్లానెటరీ గేర్ల అమరికను, టార్క్ కన్వర్టర్ పనిచేసే తీరును మీరు గత పాఠాల్లో చదువుకున్నారు. గేరు నిష్పత్తులను లెక్కకట్టడం కూడా మీకు తెలుసు. ఒక గేరులోంచి మరో గేరులోకి మారే ఆ అర సెకను కాలంలో ఏం జరుగుతుందో, దాన్ని మార్చడానికి బజారులో దొరికే 'షిఫ్ట్ కిట్'ను ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

మన ఊళ్లలో పాతకారు అనగానే అంబాసిడరో ప్రీమియర్ పద్మినో గుర్తుకొస్తుంది. రెండూ చేత్తో గేర్లు మార్చే బండ్లే. అందుకని ఈ పాఠంలోని ఉదాహరణలు అమెరికావి. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ వచ్చింది మొదలు, ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఇంటింటి వస్తువుగా మార్చింది ఆ దేశమే. పాత గేర్‌బాక్సులను విప్పి బాగుచేసుకునే అలవాటు కూడా అక్కడ బలంగా ఉంది. మీలో కొందరు విదేశాల్లో వర్క్‌షాపుల్లో పనిచేస్తూ చదువుతున్నవారు కావచ్చు. వారికి ఈ పాఠం నేరుగా పనికొస్తుంది. మిగిలినవారికి ద్రవపీడనం, ఘర్షణ, వేడి అనే మూడు విషయాలు ఒకేచోట కలిసే మంచి ఉదాహరణగా పనికొస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. 'షిఫ్ట్ కిట్' అనేది నిజానికి ట్రాన్స్‌గో అనే అమెరికన్ సంస్థ వాణిజ్య నామం. గిల్ యంగర్ అనే గేర్‌బాక్సు నిపుణుడు స్థాపించిన సంస్థ అది. బి అండ్ ఎమ్ అనే మరో పేరుమోసిన సంస్థ తన సరుకును 'షిఫ్ట్ ఇంప్రూవర్ కిట్' అంటుంది. మెకానిక్‌లు మాత్రం అన్నింటినీ షిఫ్ట్ కిట్ అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే అందాం.

గేరు మారేటప్పుడు లోపల జరిగేది

ఉదాహరణగా టర్బో హైడ్రామాటిక్ 350 అనే గేర్‌బాక్సును తీసుకుందాం. జనరల్ మోటార్స్ దీన్ని 1969 మోడల్ కార్లతో ప్రవేశపెట్టింది. మూడు ముందుగేర్లు ఉంటాయి. వాటి నిష్పత్తులు 2.52, 1.52, 1.00. మొదటి గేరులోంచి రెండో గేరులోకి మారడమంటే ఇంటర్మీడియట్ క్లచ్ అనే పలకల కట్టను ఆయిల్ పీడనంతో బిగించడం. పీడనం పెరిగేకొద్దీ పలకలు ఒకదానినొకటి రాసుకుంటూ, జారుతూ, చివరకు పట్టుకుని ఆగిపోతాయి.

ఆ జారుడు ఎంతసేపు ఉండాలో నిర్ణయించేవి ప్రధానంగా మూడు. మొదటిది లైన్ పీడనం, అంటే పంపు నుంచి వచ్చి రెగ్యులేటర్ వాల్వు అదుపులో ఉండే పీడనం. ఈ గేర్‌బాక్సులో ఇంజిన్ మీద భారాన్ని బట్టి అది చదరపు అంగుళానికి సుమారు 60 పౌండ్ల నుంచి 150 పౌండ్ల దాకా మారుతుంది. రెండోది సెపరేటర్ ప్లేటులోని రంధ్రం. వాల్వ్ బాడీకీ గేర్‌బాక్సు కేసుకూ నడుమ ఉండే పలుచని ఉక్కు రేకు అది. క్లచ్‌కు వెళ్లే ఆయిల్ అందులోని చిన్న రంధ్రంలోంచే పోవాలి. మూడోది అక్యుమ్యులేటర్. తెలుగులో సంచాయకం అనవచ్చు గాని ఏ షెడ్డులోనూ ఆ మాట నేను వినలేదు. స్ప్రింగు మీద ఆనుకున్న పిస్టన్ ఇది. క్లచ్‌కు వెళ్లే ఆయిల్‌లో కొంత దీన్ని నెట్టడానికి ఖర్చవుతుంది కాబట్టి క్లచ్ దగ్గర పీడనం ఒక్కసారిగా ఎగబాకదు. తలుపు ధడాల్న పడకుండా చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా మూసినట్టు అన్నమాట.

గేరు 'ఎలా' మారాలో ఈ మూడూ చెబుతాయి. 'ఎప్పుడు' మారాలో చెప్పేవి వేరు. బండి వేగాన్ని గవర్నర్ చెబుతుంది. ఇంజిన్ భారాన్ని వ్యాక్యూమ్ మాడ్యులేటర్ చెబుతుంది. యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కితే డిటెంట్ కేబుల్ చెబుతుంది. ఈ తేడా మనసులో ఉంచుకోండి. కిట్ కొనేవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే. 'గేరు ఆలస్యంగా మారుతోంది, కిట్ వేయండి' అంటారు. సాధారణంగా కిట్ మార్చేది ఎలా అన్నదాన్ని. ఎప్పుడు అన్నదాన్ని సరిచేయాలంటే వెతకవలసిన చోటు వేరు.

మెత్తదనానికి అయ్యే ఖర్చు

కారు కంపెనీలు గేరు మార్పును కావాలనే మెత్తగా ఉంచాయి. ప్రయాణికుడికి గేరు మారిన సంగతి తెలియకపోవడమే గొప్పగా భావించిన కాలం అది. ఆ మెత్తదనం జారుడు వల్ల వస్తుంది. జారుడు వల్ల వేడి పుడుతుంది. ఎంత వేడి?

లెక్క సులువుగా ఉండటానికి కన్వర్టర్‌ను పక్కనపెట్టి, ఇంజిన్‌ను ఒకే ఒక క్లచ్ ఆపుతోందని అనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతుండగా గేరు మారింది. బండి వేగం ఆ క్షణంలో మారదు. కాబట్టి ఇంజిన్ 4,200ను 2.52తో భాగించి 1.52తో గుణిస్తే వచ్చే వేగానికి, అంటే సుమారు 2,530 చుట్లకు దిగాలి. తేడా 1,670 చుట్లు. సెకనుకు రేడియన్లలో చెబితే 175. ఇంజిన్ టార్క్ 250 న్యూటన్ మీటర్లనీ, ఇంజిన్ వైపు తిరిగే భాగాల జడత్వ భ్రామకం 0.3 కిలోగ్రామ్ మీటర్ వర్గమనీ తీసుకుందాం.

జారే సమయంలో క్లచ్ రెండు పనులు చేయాలి. ఇంజిన్ ఇచ్చే టార్క్‌ను మోయాలి. తిరుగుతున్న ఇంజిన్‌ను నెమ్మదింపజేయాలి. కాబట్టి

క్లచ్ టార్క్ = ఇంజిన్ టార్క్ + (జడత్వ భ్రామకం × వేగభేదం ÷ సమయం)

వేగభేదం 175 నుంచి సున్నాకు సమంగా తగ్గుతుందనుకుంటే దాని సగటు అందులో సగం. వేడి అంటే క్లచ్ టార్క్, సగటు వేగభేదం, సమయం – ఈ మూడింటి లబ్ధం. పైన రాసిన క్లచ్ టార్క్‌ను ఇందులో పెడితే

వేడి = (ఇంజిన్ టార్క్ × వేగభేదం × సమయం ÷ 2) + (జడత్వ భ్రామకం × వేగభేదం వర్గం ÷ 2)

రెండో పదంలో సమయం లేదు, చూశారా? దాని విలువ సుమారు 4.6 కిలోజౌళ్లు. మీరు ఏ కిట్ వేసినా, ఎంత ఖర్చుపెట్టినా ఈ వేడి పుట్టి తీరుతుంది. తగ్గించగలిగింది మొదటి పదాన్ని మాత్రమే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. గేరు మారడానికి 0.8 సెకను పడితే క్లచ్ టార్క్ 316 న్యూటన్ మీటర్లు, వేడి 22.1 కిలోజౌళ్లు. 0.4 సెకను పడితే టార్క్ 381, వేడి 13.3. 0.2 సెకనుకు తెస్తే టార్క్ 512, వేడి 9. ఇంకా సగం చేసి 0.1 సెకను చేస్తే టార్క్ 775, వేడి 6.8.

ఈ నాలుగు వరుసలను ఒకసారి కాగితం మీద రాసుకుని చూడండి. ఈ పాఠమంతటికీ కీలకం అక్కడుంది. మొదటిసారి సమయాన్ని సగం చేసినప్పుడు 8.8 కిలోజౌళ్లు ఆదా అయ్యాయి. దానికి మనం చెల్లించింది 65 న్యూటన్ మీటర్ల అదనపు టార్క్. చివరిసారి సగం చేసినప్పుడు ఆదా 2.2 కిలోజౌళ్లే. చెల్లించింది మాత్రం 263 న్యూటన్ మీటర్లు. ఆ అదనపు టార్క్ క్లచ్‌తో ఆగదు. ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా, యూనివర్సల్ జాయింట్ల మీదుగా, డిఫరెన్షియల్ మీదుగా వెనకచక్రాల దాకా పోతుంది. కారులో కూర్చున్నవారి మెడకూ తెలుస్తుంది. నిజమైన బండిలో కన్వర్టర్ కొంత మెత్తదనం ఇస్తుంది కాబట్టి అంకెలు ఇలాగే ఉండవు. కాని వాటి పోకడ ఇదే.

కంపెనీ ఇచ్చిన దానికంటే కాస్త గట్టిగా మారే గేరు పాత గేర్‌బాక్సు ఆయుష్షును పెంచుతుంది. మరీ గట్టిగా మారేది మిగతా బండి ఆయుష్షును తింటుంది. 'గేరు మారితే తల వెనక్కి కొట్టుకోవాలి' అనుకునే కుర్రకారుకు ఈ లెక్క చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కిట్‌లో ఏముంటుంది

డబ్బా విప్పితే కొత్తవాళ్లకు నిరాశే. కొన్ని స్ప్రింగులు, గాస్కెట్లు, ఒకటో రెండో వాల్వులు, చిన్న ఉక్కు గుండ్లు, ఒక సూచనల పత్రం. కొన్నింటిలో డ్రిల్లు బిట్లు. కొన్నింటిలో ముందే రంధ్రాలు చేసిన కొత్త సెపరేటర్ ప్లేటు. ఇంతే.

రెగ్యులేటర్ స్ప్రింగు గట్టిదైతే లైన్ పీడనం పెరుగుతుంది. అక్యుమ్యులేటర్ స్ప్రింగు గట్టిదైతే పిస్టన్ తక్కువ కదులుతుంది, క్లచ్ దగ్గర పీడనం త్వరగా ఎక్కుతుంది. కొన్ని కిట్లు అక్యుమ్యులేటర్‌ను పూర్తిగా కదలకుండా బిగించేయమంటాయి. రోజూ నడిపే బండికి అది నాకు నచ్చని సలహా. ఉక్కు గుండ్లు ఒకవైపు మాత్రమే ఆయిల్‌ను పోనిచ్చే చెక్ బాల్స్. సూచనల్లో కొన్నింటిని తీసేయమంటారు, కొన్నింటిని చోటు మార్చమంటారు. ఒక్క గుండు తప్పుచోట పడితే ఒక గేరు అసలు పడకపోవచ్చు, రెండు గేర్లు ఒకేసారి పట్టుకోనూవచ్చు.

మార్పులను రెండు రకాలుగా చూడమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ని. వెనక్కి తీసుకోగలిగినవి, తీసుకోలేనివి. స్ప్రింగు మార్చారు, నచ్చలేదు, పాతది మళ్లీ వేసుకోవచ్చు. రేకుకు రంధ్రం పెద్దది చేశారు, అంతే సంగతులు. అందుకని ముందు స్ప్రింగులు, తరువాతే డ్రిల్లు. పాత భాగాలన్నీ ఒక సంచిలో కట్టి, మీద చీటీ అంటించి దాచండి.

రంధ్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రంధ్రంలోంచి పోయే ఆయిల్ దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 2.4 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 3.4 మిల్లీమీటర్లు చేస్తే వ్యాసం పెరిగింది ఒక్క మిల్లీమీటరే. వైశాల్యం మాత్రం రెట్టింపయింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 3 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 3.6 మిల్లీమీటర్లకు పెంచితే వైశాల్యం ఎంత శాతం పెరుగుతుంది? (జవాబు: 1.2 వర్గం 1.44. అంటే 44 శాతం. 20 శాతం అని రాసినవారు పై పేరాను మరోసారి చదవండి.)

ఈ లెక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 1980ల్లో డాక్టరేట్ కోసం అమెరికా ఉత్తరభాగంలో ఒక విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడు, తెనాలి నుంచి వచ్చిన నా గదిమిత్రుడు 1974 మోడల్ షెవ్రొలే నోవా కొన్నాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజిను, 350 గేర్‌బాక్సు. ఇద్దరం ఇంజినీర్లం, ఇద్దరికీ డబ్బుల్లేవు. ఒక శనివారం కారు కింద దూరి కిట్ వేశాం. సూచనల పత్రంలో 1/8 అంగుళం బిట్టు అని ఉంది. మా దగ్గర ఉన్న పాత బిట్ల పెట్టెలోంచి తీసిన దాని మీద అంకె అరిగిపోయింది. చూపుకు సరిగ్గానే ఉందనిపించింది. తరువాత కొలిస్తే అది 5/32. తేడా అంగుళంలో ముప్పైరెండో వంతు. వైశాల్యంలో 56 శాతం.

మొదటిసారి నడిపినప్పుడు రెండో గేరు పడగానే మావాడు వెనక్కి తిరిగి చూసి, "ఏంటి బావా, వెనకనుంచి ఎవరో గుద్దినట్టుంది!" అన్నాడు. ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. రెండు నెలల తరువాత మంచు పడిన ఒక ఉదయం, మలుపు తిరుగుతూ ఉండగా సరిగ్గా అలాగే రెండో గేరు పడింది. వెనకచక్రాలు పట్టు వదిలాయి. కారు సగం చుట్టు తిరిగి రోడ్డు పక్క మట్టిలోకి దిగింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం మా అదృష్టం. ఆ రోజు ఎవరం నవ్వలేదు. తప్పు కిట్‌ది కాదు, మాది. వర్నియర్ కాలిపర్ బల్ల సొరుగులోనే ఉంది, తీసి కొలవడానికి బద్ధకించాం. కొత్త సెపరేటర్ ప్లేటు కొని వేసేదాకా ఆ కారును నేను నడపలేదు.

కొనేముందు గేర్‌బాక్సును చూడండి

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఈ విషయానికి అతికినట్టు సరిపోతుంది. కిట్ అరిగిన క్లచ్‌ను బాగుచేయదు. నలభై యాభై ఏళ్ల గేర్‌బాక్సులో పిస్టన్ల రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. వాటి మీద పీడనం పెంచితే కారేది మరింత కారుతుంది. కాబట్టి ముందు రోగ నిర్ధారణ.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా ఉండాలి. గోధుమరంగులోకి తిరిగి మాడు వాసన వస్తోందంటే క్లచ్ పలకలు కాలాయి. అప్పుడు కావలసింది కిట్ కాదు, గేర్‌బాక్సును దించి విప్పి చూడటం. పాన్ తీసినప్పుడు అడుగున నల్లటి పలుచని బురద కొద్దిగా ఉంటే అది సహజమైన అరుగుదల. పలకల ముక్కలో లోహపు తునకలో మెరుస్తుంటే కిట్ డబ్బా విప్పకుండా తిరిగి ఇచ్చేయండి.

తరువాత మాడ్యులేటర్. దానికి ఇంజిన్ నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి చూడండి. గొట్టంలో ఎర్ర ఆయిల్ కనిపిస్తే లోపలి పొర చిరిగింది. ఇంజిన్ ఆ ఆయిల్‌ను పీల్చి కాలుస్తోంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ అందుకే. పొర బాగానే ఉండి గొట్టం పగిలి ఉంటే మాడ్యులేటర్‌కు వ్యాక్యూమ్ అందదు. ఇంజిన్ మీద పెద్ద భారం ఉందని అది పొరబడుతుంది. లైన్ పీడనం పెరుగుతుంది, గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. చవకలో పోయే గొట్టం మార్చాల్సిన చోట కిట్ వేసినవారిని నేను చూశాను. ఇంజిన్‌లో రేసు రకం క్యామ్‌షాఫ్టు వేసిన బండ్లలోనూ ఇదే చిక్కు. ఐడిల్‌లో వ్యాక్యూమ్ తక్కువగా ఉంటుంది. మామూలు ఇంజిన్‌కు 15 నుంచి 20 అంగుళాల పాదరసం ఉండాలి. గేజి పెట్టి చూడండి.

వీలుంటే లైన్ పీడనాన్ని కూడా గేజితో కొలిచి రాసుకోండి. కిట్ వేశాక మళ్లీ కొలిచి పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. 'ఇప్పుడు బాగుంది' అన్న అనుభూతి కొలత కాదు.

ఏ గేర్‌బాక్సు? దాని గుణమేమిటి?

కిట్ గేర్‌బాక్సును బట్టి తయారవుతుంది, కారును బట్టి కాదు. అయిదు దశాబ్దాల్లో నలుగురు యజమానులు మారిన కారులో మొదట వచ్చిన గేర్‌బాక్సే ఉందన్న నమ్మకం లేదు. అందుకే ఆయిల్ పాన్‌ను చూసి గుర్తుపట్టడం నేర్చుకోండి. జనరల్ మోటార్స్ వాటిలో రెండు గేర్ల పవర్‌గ్లైడ్ పాన్‌కు 14 బోల్టులు. 700ఆర్4 పాన్ దీర్ఘచతురస్రం, 16 బోల్టులు. 350కీ 400కీ రెండింటికీ 13 బోల్టులే. పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే సగంమంది తప్పు రాస్తారు. తేడా ఆకారంలో ఉంది. 350 పాన్ చతురస్రంలా ఉండి ఒక మూల కోసినట్టుంటుంది, 400 పాన్ వంకరటింకరగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే కిక్‌డౌన్ చూడండి. 350కి కేబుల్, 400కి విద్యుత్ స్విచ్.

1982లో వచ్చిన 700ఆర్4 సంగతి వేరుగా చెప్పుకోవాలి. నాలుగు గేర్లు, చివరిది 0.70 నిష్పత్తితో ఓవర్‌డ్రైవ్. దీనికి వ్యాక్యూమ్ మాడ్యులేటర్ లేదు. కార్బురేటర్ నుంచి వచ్చే టీవీ కేబుల్ లైన్ పీడనాన్నీ గేరు మారే సమయాన్నీ రెండింటినీ శాసిస్తుంది. పేరు చూసి దీన్ని కిక్‌డౌన్ కేబుల్ అనుకుని వదులుగా వదిలేస్తే పీడనం చాలక క్లచ్‌లు కొద్ది దూరంలోనే కాలిపోతాయి. వేరే కార్బురేటర్ వేసినప్పుడు కేబుల్ లాగే కోణం మారడం దీనికి సాధారణ కారణం. ఆ కేబుల్ సరిగా లేకుండా ఎంత మంచి కిట్ వేసినా వృథా. రెండో గేరు బ్యాండ్‌కు కార్వెట్ కారులో వాడిన పెద్ద సర్వో పిస్టన్ వేయడం ఈ గేర్‌బాక్సుకు బాగా తెలిసిన మెరుగు. కొందరు దాన్ని కిట్‌తోపాటే వేస్తారు.

క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌లోనూ ఇలాంటి లంకె ఒకటుంది. థ్రాటిల్ నుంచి వచ్చే కడ్డీ ఊడిపోయినా, దాన్ని అనవసరమని తీసేసినా పీడనం పడిపోయి క్లచ్‌లు పోతాయి. ఫోర్డ్ సి4లో బ్యాండ్లను బయటినుంచే బిగించవచ్చు. ఇంటర్మీడియట్ బ్యాండ్ మరను 10 అడుగు పౌండ్లకు బిగించి ఒకటీ ముప్పావు చుట్టు వెనక్కి తిప్పాలి. కిట్ కొనేముందు ఈ సర్దుబాటు చేసి చూడండి. సగం ఫిర్యాదు దాంతోనే పోవచ్చు. 350లో బయటినుంచి సర్దే బ్యాండ్ లేదు.

ఆయిల్ గురించి చిన్న మాట. ఫోర్డ్ తన పాత గేర్‌బాక్సులకు చాలా ఏళ్లు టైప్ ఎఫ్ ఆయిల్ చెప్పింది. అందులో ఘర్షణను మెత్తబరిచే రసాయనాలు లేవు కాబట్టి క్లచ్ తటాలున పట్టుకుంటుంది. జనరల్ మోటార్స్ వాటికి డెక్స్రాన్ రకం. గేరు గట్టిగా పడాలని ఒకదానికి బదులు ఇంకొకటి పోసేవారున్నారు. కిట్ సూచనల్లో ఏది చెబితే అది పోయండి, రెండూ కలపకండి.

ఎంత గట్టి కిట్?

కిట్లు సాధారణంగా మూడు మెట్లలో దొరుకుతాయి. ఒకే డబ్బాతో రెండు మూడు మెట్లుగా బిగించుకునే వీలున్నవీ ఉన్నాయి. రోజువారీ వాడకానికీ బరువు లాగడానికీ ఒకటి. రోడ్డు మీదా అప్పుడప్పుడు పందెం బాట మీదా నడిపేవారికి రెండోది. కేవలం పందేలకు మూడోది. ఈ మూడోదానిలో తరచుగా గేర్‌బాక్సు ఆటోమేటిక్‌గా మారడమే ఆగిపోతుంది, ప్రతి గేరునూ నడిపేవారే లీవరుతో మార్చాలి. ట్రాన్స్‌గోలో 350-1&2 అనే కిట్‌కూ 350-3 అనే కిట్‌కూ తేడా ఇదే. పేరులో ఒక అంకె తేడా చూసుకోకుండా తెప్పించుకుంటే పెట్టెలో పూర్తిగా వేరే వస్తువు వస్తుంది.

ఇంట్లోవాళ్లు కూడా నడిపే కారైతే మొదటి మెట్టు చాలు. పడవనో మరో బండినో లాగే వాహనమైతే మొదటి మెట్టుతోపాటు విడి ఆయిల్ కూలర్ తప్పక పెట్టండి. ఆయిల్ వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌లు చెప్పే మోటు లెక్క ఒకటుంది. ఎండలు మండే ప్రాంతాల్లో కిట్ కంటే కూలరే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. రెండో మెట్టుకు వెళ్లాలనుకుంటే ఇంజిన్ మౌంటులు, గేర్‌బాక్సు మౌంటు, యూనివర్సల్ జాయింట్లు చూసుకున్నాకే వెళ్లండి. పైన వేసిన లెక్కలో 512 న్యూటన్ మీటర్లు ఎక్కడికి పోతాయో గుర్తుందిగా. వాన, మంచు ఎక్కువగా ఉండే ఊళ్లలో రెండో మెట్టు నేను సిఫారసు చేయను. కారణం మీకు ఇప్పటికే చెప్పాను.

ధర చూసి ఎంచుకోకండి. సూచనల పత్రం చదివి ఎంచుకోండి. ఏ రంధ్రం ఎంత, ఏ గుండు ఎక్కడ, నచ్చకపోతే ఎలా వెనక్కి రావాలి అన్నవి బొమ్మలతో వివరంగా ఉన్న కిట్ మంచి కిట్.

బిగించేటప్పుడు, ఆ తరువాత

కారును జాకీ మీద మాత్రమే నిలిపి కింద దూరకండి. గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాకే దూరండి. చాలా పాన్‌లకు డ్రెయిన్ ప్లగ్ ఉండదు. బోల్టులు వదులు చేసి ఒక మూల కిందికి వంచితే ఆయిల్ కారుతుంది. నడిపి వచ్చిన వెంటనే విప్పితే చేతులు కాలతాయి. వాల్వ్ బాడీ దించే చోటు కింద తెల్లగుడ్డ పరచండి. గుండ్లు జారిపడితే వెతుక్కునే పని ఉండదు. దారాలు రాలే గుడ్డతో వాల్వులు తుడవకండి. ఒక్క దారం చాలు, వాల్వు ఇరుక్కుపోతుంది. రంధ్రం చేసిన రేకు అంచులు సన్న రాయితో నున్నగా చేసి, కడిగి, ఆరబెట్టాకే పెట్టండి.

ఆయిల్ పోశాక ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు నొక్కిపట్టి లీవరును ఒక్కో స్థానంలో కొద్ది క్షణాలు ఉంచుతూ అన్ని గేర్లకూ తిప్పండి. తరువాత మట్టం చూడండి. జనరల్ మోటార్స్ గేర్‌బాక్సులను పార్క్‌లో చూడాలి. పాత టార్క్‌ఫ్లైట్‌ను న్యూట్రల్‌లో చూడాలి, పార్క్‌లో దాని కన్వర్టర్‌కు ఆయిల్ అందదు కాబట్టి అక్కడ చూసిన మట్టం తప్పుగా ఉంటుంది. మొదటి ప్రయాణం ఖాళీ మైదానంలో. యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి ఒకసారి, సగం తొక్కి ఒకసారి మూడు గేర్లూ పడుతున్నాయో లేదో చూశాకే రోడ్డెక్కండి. ఏదైనా గేరు పడేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా రయ్యిమని లేచిందంటే ఆ క్లచ్ పట్టుకోవడం లేదని అర్థం. అప్పుడు ఇంకో నాలుగు చుట్లు కొట్టి చూద్దామనుకోకుండా, బండిని అక్కడే ఆపి ఇంటికి లాగించుకుని రండి.

అభ్యాసం

ఒకరి దగ్గర 1977 మోడల్ నోవా ఉంది. పాన్‌కు 13 బోల్టులు, ఒక మూల కోసినట్టుంది. ఆయిల్ ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడుతున్నాయి. గత నెల ఇంజిన్ పని చేయించాకే ఇలా మొదలైంది. ఆయన రెండో మెట్టు కిట్ కొనబోతూ మీ సలహా అడిగారు. మీరు మొదట ఏ భాగాన్ని చేత్తో తడిమి చూస్తారు? గేజిని ఎక్కడ తగిలిస్తారు? ఏ అంకె కనిపిస్తే కిట్ కొనవద్దని చెబుతారు? కారణాలతో ఒక పేజీకి మించకుండా రాయండి.